నేను తాగని నలభై రోజుల కల్లు

మొన్న పెద్దపల్లి బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ చెప్పింది, కల్లుగీసే మామ పోయాడని. అంతటితో ఆపితే బాగుండేది. "పుణ్యాత్ముడు టీచరమ్మా, నీ పానం నిలవెట్టింది ఆయన కల్లే గదా," అని కూడా అంది. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తల ఊపాను. ఆరేళ్లుగా ఊపుతూనే ఉన్నాను.

ఆ మాట తప్పు. ఆయన తెచ్చిన కల్లు ఒక్క చుక్క కూడా నా గొంతు దిగలేదు. ఈ సంగతి ఆయనే నలుగురిలో నిలబడి చెప్పాడు, అయినా ఊరు నమ్మలేదు. గొప్పలు చెప్పుకోని మనిషి కాబట్టి అలా అంటున్నాడనుకుంది. ఇక నేను చెప్తే ఎవరు నమ్ముతారు? నోటితో చెప్పలేకపోయింది రాసి చూద్దామని కూర్చున్నాను.

ఆయన మా అత్తగారి ఊళ్లో తాటిచెట్లు గీసేవాడు. మంథనికి ఇవతల, వాగు ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. మా ఆయన ఆయన్ని కాకా అని పిలిచేవాడు, అందుకని నాకు మామ అయ్యాడు. నేను ఆ ఊరి బడిలో టీచరుగా చేరిన కొత్తలో దారిలో ఎదురైతే సైకిల్ దిగి నిలబడేవాడు. చదువుకున్న కోడలినని మర్యాద ఇస్తున్నాడనుకుని తెగ మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆ సైకిల్‌కు బ్రేకులు లేవు. మనిషి గానీ మేక గానీ ఎదురైతే దిగక తప్పదు.

పొట్టి మనిషి. నేల మీద నడిచేటప్పుడు కుడికాలు కాస్త ఈడ్చేవాడు. నడుముకు మోకు తాడు వేసుకుని చెట్టు మీద చెయ్యి పెట్టాడంటే ఆ కాలు ఎక్కడలేని బుద్ధీ తెచ్చుకునేది. ఎక్కుతూ మాట్లాడడం ఆయనకు అలవాటు. కింద ఎవరున్నా సరే, చెట్టు మొదట్లో ఒక ముచ్చట ఎత్తుకుంటాడు. మనిషి పైకి పోతున్నకొద్దీ మాట సన్నబడుతుంది. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన మట్టల్లో ఉంటాడు, మనకేమీ వినపడదు. దిగాక అడిగితే, "చెప్పిన గదా," అనేవాడు. అలా ఆయన ముచ్చట్లు నాకు సగం సగం చాలా తెలుసు. ఆసిఫాబాద్ అడవిలో ఒకసారి ఎలుగుబంటి ఆయన్ని తరిమింది. ఆ తర్వాత ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

కోపం వస్తే మనిషిని తిట్టేవాడు కాదు. సైకిల్‌ను తిట్టేవాడు, పక్కనున్నవాడికి తగిలేటట్టు. కల్లులో మత్తు గోలీలు కలిపి అమ్మేవాళ్ల ముందు ఆ సైకిల్ తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. "కల్లు చెట్టుది, నాది గాదు. నేను దించెటోణ్ణి, కలిపెటోణ్ణి గాదు," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కొంచెం గర్వం ఉండేది, ఉంటే ఉండనీ, అది ఆయనకు తగిందే.

తొంభైల మొదట్లో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, తర్వాత ఆరు విడతలు మందు ఎక్కించారు. దసరాకు ముందు చివరి విడత అయిపోయింది. జుట్టు పోయింది, కనుబొమలు పోయాయి, పోతే పోయాయి, గండం గడిచింది కదా అనుకుని ఇంటికొచ్చాం. గడవలేదు. ఆ మందు రోగంతోపాటు ఒంట్లో తెల్ల కణాలను కూడా చంపుతుంది. మామూలుగా మూడు వారాల్లో అవి మళ్లీ పుట్టుకొస్తాయట. నాకు రాలేదు. నాలుగు వేలన్నా ఉండవలసినవి రెండు వేల దగ్గరే మొరాయించాయి.

"ఈ కణాలే మీ ఒంటికి కాపలా," అని చెప్పాడు హైదరాబాదు డాక్టరు. "కాపలా లేదని గుర్తుపెట్టుకోండి. కాచనిది, వండనిది, పులిసింది ఏదీ నోట్లో పెట్టకూడదు. ఒళ్లు వెచ్చబడితే గంట కూడా ఆగకూడదు, దగ్గరున్న ఆసుపత్రికి పోవాలి. ఇంకొన్నాళ్లు చూసి, అప్పటికీ పెరగకపోతే, పెరిగి మళ్లీ పడిపోతే, ఎముకలో నుంచి మూలుగ తీసి చూడాల్సి ఉంటుంది." ఎందుకు చూడాలో ఆయన చెప్పలేదు. రోగం ఎముకలోకి పాకిందేమోనని. ఆ మాత్రం నాకు తెలుసు.

వారానికొకసారి బస్సెక్కి కరీంనగర్ పోయి రక్తం ఇచ్చేదాన్ని. సాయంత్రానికి చీటీ చేతికిచ్చేవాళ్లు. దాన్ని తీసుకుని ఎస్టీడీ బూత్‌లోకి పోయి హైదరాబాదుకు ఫోన్ చేయాలి. ఆ చీటీని బూత్ తలుపు వేసుకున్నాకే విప్పేదాన్ని. పంతొమ్మిది వందలు. వారం పోయాక ఇరవై ఒక్క వందలు. మరో వారం పోయాక పదిహేడు వందలు. పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని, ఎంతోమంది పిల్లలకు సున్నాలు వేసినదాన్ని, ఒక అంకె చూడడానికి ముందు కళ్లు మూసుకునేదాన్ని.

ఊళ్లో నా రోగం గురించి ఎవరి లెక్క వాళ్లకుండేది. తెల్లవి తగ్గాయి కాబట్టి పాలు, పెరుగు, ముల్లంగి తినమని ఒకరంటే, అంటుకునే రోగమని మరొకరన్నారు. రెండో మాటే ఎక్కువమందికి నచ్చింది. రోజూ ఇంట్లోకి వచ్చి పోయేవాళ్లు గోడ అవతల నిలబడి "ఎట్లున్నవ్ బిడ్డా" అని అరిచి పోవడం మొదలుపెట్టారు. నిజానికి డాక్టరు కోరుకున్నదీ అదే, మనుషులు దగ్గరికి రాకూడదని. అయినా అది వేరు, ఇది వేరు. నాకు బాధేసేది.

గోడ దాటి వచ్చింది ఆయనొక్కడే. వచ్చి గడప బయట గొంతుక్కూర్చున్నాడు. చీర కొంగు కప్పుకున్న నా తల వైపు చూడలేదు, ఛాతీ వైపు చూడలేదు, నా కళ్లలోకి చూసి మాట్లాడాడు. ఆ రెండు నెలల్లో నాతో అలా మాట్లాడినవాళ్లు లేరు.

"వాగు గడ్డన నా పోతుతాడు ఉన్నది. ఊర్ల గంత మంచి చెట్టు లేదు," అన్నాడు. పోతుతాడు అంటే మగ తాటిచెట్టు, చలికాలంలో దాని కల్లు తియ్యగా ఉంటుంది. "దాన్ని ఇగ ఎవ్వలకు అమ్మ. ఒక్క చెట్టు కల్లు, నలభై దినాలు, నడుమ ఒక్క దినం తప్పకుంట తాగాలె. సచ్చేటోడు సుత లేచి కూసుంటడు."

"డాక్టరు పులిసింది ఒద్దన్నడు మామా."

"పులిసింది నేనెందుకు తెస్త? పొద్దు పొడువక ముందు దించి, గట్లనే తెస్త. పాలసొంటిది. ఫికర్ జెయ్యకు."

పొద్దున దించినా అది కాచనిదే, అప్పటికే పులవడం మొదలైనదే. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు, గడప బయట, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. "సరే మామా," అన్నాను.

మర్నాడు తెల్లవారకముందే కల్లు లొట్టి పట్టుకుని వచ్చాడు. తాగేది చూసి పోతాడేమోనని భయపడి, ముందు గోలీలు వేసుకోవాలి, అవి వేసుకున్న అరగంటకు తాగుతాను అని చెప్పాను. నమ్మి పోయాడు. నేను దాన్ని తీసుకుపోయి బర్రె కుడితిలో పోశాను.

నాలుగు రోజులు తిరిగేసరికి ఆ బర్రె నాకంటే ముందే లేచి దడి దగ్గర నిలబడి దారి చూడడం మొదలుపెట్టింది. సైకిల్ చప్పుడు వినపడితే చాలు, తల ఎగరేసేది. "నీ బర్రెకు నేనంటే మస్తు పావురం," అని దాని ప్రేమకు ఆయన మురిసిపోయేవాడు. మా ఆయన లోపలికి పోయి నవ్వు ఆపుకునేవాడు. "కాకా వైద్యం మంచిగనే పట్టింది, కాకుంటే రోగి మారింది," అనేవాడు నాతో. నేనూ నవ్వాను. నవ్వానని దాచడం ఎందుకు, ఆ రోజుల్లో ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒక్క విషయానికే.

ఇరవై రోజులు దాటాక నవ్వు పోయింది. చలి ఎక్కువైంది, పొద్దున మంచుకు చెట్టు మాను జారుతుంది. ఆయన మోకాలు వాచింది, ఉడుకు నీళ్ల కాపడం పెట్టుకుని ఎక్కుతున్నాడు. గీసే చెట్టును ఒక్క రోజు వదిలినా కోసిన చోటు ఎండిపోయి కల్లు ఆగిపోతుంది. అందుకని ఆసిఫాబాద్‌లో ఉన్న పెద్దబిడ్డ ఇంట్లో మనవణ్ణి తొట్టెలలో వేస్తుంటే పోలేదు. పోలేదని ఆ బిడ్డ అలిగి ఉత్తరం రాసింది. దాన్ని నాతోనే చదివించుకున్నాడు. "జవాబు రాయి బిడ్డా. కోడలికి మందు దించుతున్న, అయిపోయినంక వస్త అని రాయి," అన్నాడు. నా చేత్తో రాశాను. రాసి, కింద ఆయన వేలిముద్ర వేయించి, బడికి పోయే పిల్లకిచ్చి పోస్టు చేయించాను.

ఆ రోజు మా ఆయన గట్టిగానే అన్నాడు. "ఇగ చాలు. ఆయనకు చెప్పు. కాలు జారితే ఎవల పానం మీదికొస్తది?"

"ఇంక పదకొండు దినాలే గదా," అన్నాను. అదీ నా జవాబు.

ముప్పై ఎనిమిదో రోజున కరీంనగర్ పోయాను. బూత్‌లో చీటీ విప్పితే నాలుగు వేల వంద. మళ్లీ చూశాను. ఫోన్‌లో డాక్టరు మంచిదే అన్నాడు, తొందరపడకండి, ఇంకో రెండు వారాలు చూద్దాం అన్నాడు. ఆ రెండో మాట నేను ఇంట్లో చెప్పలేదు. బస్సు దిగేసరికి ఆయన బస్టాపులో ఉన్నాడు.

"ఎంత?"

"నాలుగు వేల వంద మామా."

మట్టి రోడ్డు పక్కన అలాగే కూర్చుండిపోయాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. నలభై రోజులూ పూర్తి కావాల్సిందేనని మిగిలిన రెండు రోజులూ ఎక్కాడు. ఆ తర్వాత ఊరు ఊరంతా తిరిగి చెప్పాడు. గొప్ప కోసం కాదు, సంతోషం పట్టలేక. గోడ అవతల నిలబడేవాళ్లు కూడా లోపలికి వచ్చి, "మామ కల్లు తాగినవటగా," అన్నారు. "తాగిన," అన్నాను. నా నోటితోనే అన్నాను.

వారం తిరిగాక చీటీలో మళ్లీ పంతొమ్మిది వందలు. బూత్‌లో ఉన్నాను, చెయ్యి ఫోన్ మీద ఉంది. చేస్తే మూలుగ పరీక్షకు రమ్మంటాడు. ఫోన్ చేయకుండా బయటికొచ్చి, చీటీని నాలుగు ముక్కలు చేసి బస్టాండు మురుగు మోరీలో వేశాను. ఇంట్లో "నాలుగు వేల మూడు వందలు" అని చెప్పాను. మా ఆయన ఆ పూట నాలుగు నెలల తర్వాత కడుపు నిండా తిన్నాడు. అది చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాతి వారాల్లో బస్సెక్కి పోయి, రక్తం ఇవ్వకుండా తిరిగి వచ్చాను.

అప్పుడొచ్చింది రాజవ్వ సంగతి. వాగు అవతలి ఊళ్లో బీడీలు చుట్టే మనిషి, మొగుడు దుబాయిలో ఉన్నాడు. ఆమెకూ రొమ్ము క్యాన్సరే, నాలాగే మందు ఎక్కించుకుని వచ్చింది, నాలాగే తెల్ల కణాలు పెరగడం లేదు. ఒకరోజు పొద్దున మామ వచ్చి గడప బయట కూర్చుని, చాలా సంబరంగా, "రాజవ్వకు మొదలువెట్టిన బిడ్డా. గదే చెట్టు. మూడు దినాలాయె," అన్నాడు.

నా చేతిలో చాట ఉంది. కింద పెట్టాను.

"ఆమె డాక్టరు నడిగినవా మామా?"

"డాక్టరెందుకు? నువ్వున్నవ్ గదా సాక్ష్యం."

అప్పుడే చెప్పాలి. ఆ నిమిషమే చెప్పాలి. చెప్తే అన్నీ చెప్పాలి, తాగలేదని, బర్రెకు పోశానని, నలభై రోజులూ ఆయన్ని ఊరికే చెట్టెక్కించానని. రేపు చెప్దామనుకున్నాను. బడిలో అబద్ధమాడిన పిల్లల్ని గోడకు నిలబెట్టినదాన్ని, ఒక రోజు వాయిదా వేశాను. ఆ ఒక్క రోజు గురించి నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు.

మర్నాడు ఆయన రాజవ్వకు పోసి వస్తూ, ఖాళీ లొట్టితో నవ్వుకుంటూ వచ్చాడు. "కల్లు పనిజేస్తుంది. నిన్న పొద్దుమీకి సంది రాజవ్వకు పెయ్యి కాలుతుంది. లోపల కణాలు ఎక్కుతున్నట్టున్నై, గా వేడి అది."

"మామా, అది జ్వరం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అది ఎక్కుడు గాదు. ఆమెను దవఖానకు కొంచవోవాలె. ఇప్పుడే. కల్లు వల్లనే కావచ్చు."

"నీకు రాలే గదా జరం?"

"నేను తాగలే మామా."

నవ్వాడు. వేళాకోళమాడుతున్నాననుకున్నాడు. మా ఆయన లోపలి నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు.

"ఒక్క దినం సుత తాగలే. డాక్టరు ఒద్దన్నడు. నీకు చెప్పలేక బర్రెకు పోసిన."

"నలభై దినాలు?"

"నలభై దినాలు."

దడి దగ్గర బర్రె ఆయన్ని చూసి తల ఎగరేస్తోంది. ఆయన దాన్ని చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేను. "మరి నీయి ఎట్ల ఎక్కినై?" అని మాత్రం అడిగాడు.

"వాటంతటవే ఎక్కినై," అన్నాను. అప్పుడు కూడా సగమే చెప్పాను.

లొట్టి అక్కడే పారేసి సైకిల్ ఎక్కి పోయాడు. వాగులో మోకాలి లోతు నీళ్లు, సైకిల్ ఎత్తి భుజాన వేసుకుని దాటాడట. మా ఆయన ఊళ్లో ఉన్న ఒకే ఒక జీపును మాట్లాడాడు. నేనూ వస్తానన్నాను. వద్దన్నా వినలేదు.

మేము వాగు చుట్టూ తిరిగి పోయేసరికి రాజవ్వ వాకిట్లో బీడీల చాటలు పక్కన పెట్టి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మామ నడుమ నిలబడి, పైకి వినపడేటట్టు చెప్తున్నాడు.

"ఇనుండ్రి. నా కల్లు మందు గాదు. టీచరు తాగలే. తాగింది, మంచిగైందని ఊరంత తిరిగి చెప్పింది నేను. తప్పు నాది."

"గదేంది, టీచరమ్మ నోటితోనే ఇన్నం గదా," అంది ఒకామె.

"నా మొకం జూసి అన్నదామె. అడిగితే కాదంటదా? తప్పు నాదే అని చెప్తున్న గదా," అని కసిరాడు.

నేను జీపులో కూర్చుని ఇదంతా విన్నాను. దిగి, తప్పు ఆయనది కాదు నాది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? దిగలేదు. ఆయనే రాజవ్వను రెండు చేతులతో ఎత్తుకొచ్చి జీపులో పడుకోబెట్టాడు. ఆమె ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. రాజవ్వ కూతురు ఆమె తలను తన ఒళ్లో పెట్టుకుంది. జీపు కరీంనగర్ దారి పట్టింది. దారిలో ఒకచోట రాజవ్వ కళ్లు తెరిచి, "కల్లు తియ్యగ ఉండె మామా," అంది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

రాజవ్వ బతికింది. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లను ఊరికే నలిపెయ్యడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ రోజు మాకది తెలియదు. ఆసుపత్రి డాక్టరు రక్తం చూసి, "ఆరు వందలున్నాయి. ఈమెకు కల్లు ఎవరు తాగించారు?" అని అరిచాడు. "నేనే సార్," అన్నాడు మామ. డాక్టరు ఆయన్ని నానా మాటలన్నాడు, మూఢుడన్నాడు, పోలీసులకు చెప్తానన్నాడు. ఆయన చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు. ఆ పక్కనే నేనున్నాను. రేపటిదాకా ఏమీ చెప్పలేనని డాక్టరు లోపలికి పోయాడు.

పొద్దు గూకుతోంది. మా ఆయన మందులు తేవడానికి పోయాడు. మామ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. నేను రెండు మెట్ల పైన కూర్చున్నాను. ఆయన తిడితే బాగుండునని చూస్తున్నాను. ఆయన అడిగింది వేరే.

"మీ అత్త ఎట్ల పోయిందో ఎర్కేనా నీకు?"

నాకు తెలియదు. ఆయన భార్య నా పెళ్లికి ముందే పోయిందని తప్ప ఆ ఇంట్లో ఆమె గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు.

"రొమ్ముల గడ్డ," అన్నాడు. "రెండేండ్లు దాచింది. నేను చెట్టు మీద ఉండెటోణ్ణి గదా, నాకు రంది వెట్టుకుంటే కాలు జారుతదని చెప్పలే. వాసన వచ్చినంక తెలిసింది నాకు. నా మంచికే దాచింది." మోకాలు రుద్దుకున్నాడు. "నువ్వు సుత నా మంచికే దాచినవ్."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఆ మనిషి ముందు ఏడవడానికి కూడా నాకు హక్కు లేదని తెలిసి ఏడ్చాను.

"నేను కల్లు కోసం రాలే బిడ్డా. దినాం నీ మొకం జూసి పోదామని వచ్చిన. ఒట్టి చేతులతోని వచ్చుడు మంచిగుండదని కల్లు తెచ్చిన. ఒద్దంటే ఒట్టిగనే వద్దును గదా. గింత మాట చెప్పరాలేదా నీకు?"

"తప్పయింది మామా."

"తప్పు సంగతి ఇడిసిపెట్టు." మెట్ల మీద కూర్చున్నాక మొదటిసారి తిరిగి నా ముఖంలోకి చూశాడు. "ఇంకేమన్న దాచినవా? ఉంటే ఇప్పుడే చెప్పు. నేను కిందనే ఉన్న. చెట్టు మీద లేను."

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. చెప్పలేకపోయాను.

"పడిపోయినై మామా. పంతొమ్మిది వందలకు వచ్చినై. మూడు వారాలాయె, ఎవ్వలకూ చెప్పలే. రెండు దినాల సంది పొద్దుమీకితే పెయ్యి కాలుతుంది."

ఆయన లేచాడు. వాచిన మోకాలితో రెండు మెట్లూ ఎక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ నన్ను తాకి ఎరగడు. చెయ్యి వేడిగా ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది, ముఖం మారింది.

"లే," అన్నాడు. "డాక్టరు ఇంక ఇంటికి పోలే."